ఫోన్ దొరికే దారిలోనే మనమూ దొరుకుతాం

ఇది కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీ దిగి, అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మొన్న ఒక ఆదివారం ఆంగ్ మో కియోలో మా గది తమ్ముడి ఫోన్ పోయింది. హాకర్ సెంటర్‌లో టీ తాగి లేచి, బస్ స్టాప్ దాకా నడిచాక జేబు తడుముకుంటే లేదు. మేమంతా మా ఫోన్ల నుంచి రింగ్ ఇచ్చాం. రెండుసార్లు మోగింది, మూడోసారికి స్విచాఫ్. వాడి మొహం చూడలేకపోయాం. ఫోన్ ఖరీదు సంగతి అటుంచండి. వర్క్ పర్మిట్ చూపించే యాప్ అందులోనే. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ అందులోనే. ఇంటికి డబ్బు పంపే యాప్, జీతం స్లిప్పుల ఫొటోలు, ఓవర్‌టైమ్ గంటలు రాసుకున్న లెక్క, కూతురు మొదటిసారి నడిచిన వీడియో, అన్నీ అందులోనే.

"గూగుల్‌లో పెట్టి చూద్దాం బావా, ఎక్కడుందో చూపిస్తుంది" అన్నాడు ఇంకొకడు. మెయిల్ ఐడీ చెప్పరా అంటే తమ్ముడికి తెలీదు. ఊళ్లో ఫోన్ కొన్న రోజు మొబైల్ షాపు కుర్రాడే ఖాతా తెరిచి ఇచ్చాడట. పాస్‌వర్డ్ కూడా అతనిదే. ఆ కుర్రాడికి ఫోన్ కొట్టాం. పది నిమిషాల్లో అక్కడినుంచే చెప్పాడు: "అన్నా, చివరిసారి ఆంగ్ మో కియో సెంట్రల్ దగ్గర కనిపించింది." పరుగెత్తుకుని వెనక్కి వెళ్లాం. బల్లలు తుడిచే ఆంటీ తీసి జాగ్రత్తగా పెట్టింది. బ్యాటరీ అయిపోయి ఆగిపోయింది, అంతే. ఆంటీకి దండం పెట్టి తెచ్చుకున్నాం.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ రాత్రి పడుకునేముందు మాలో పెద్దాయన ఒక మాట అడిగాడు: "ఒరే, ఊళ్లో కూర్చున్న షాపు కుర్రాడికి నువ్వు ఎక్కడున్నావో ఇవాళ తెలిసింది సరే. మూడేళ్లుగా ఎప్పుడు చూడాలన్నా చూడగలిగేవాడేగా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు మంచివాడే, చూసి ఉండడు. కానీ చూడాలనుకుంటే ఆపేదేమీ లేదు. ఆ మాట పట్టుకుని మేము పాత సంగతులన్నీ వెతికాం. పోయిన ఫోన్‌ను పట్టుకునే ఈ విద్య ఎక్కడ మొదలైంది, మన దాకా ఎలా వచ్చింది, వచ్చేటప్పుడు ఇంకేం మోసుకొచ్చింది అని. తెలిసింది మీకూ చెబుదామని ఈ పోస్టు.

మొదట ఫోన్‌కు పుట్టుమచ్చ లాంటి నంబరు ఒకటుంది, ఐఎంఈఐ. మీ ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెలు కనిపిస్తాయి. సిమ్ మార్చినా ఆ నంబరు మారదు. ఇప్పుడు మనం వాడే జీఎస్ఎం పద్ధతిలో మొదటి కాల్ 1991లో ఫిన్లాండ్‌లో జరిగింది. ఆ పద్ధతిలో నెట్‌వర్క్ సిమ్‌నే కాదు, సెట్‌ను కూడా గుర్తుపట్టగలదు. దొంగ ఫోన్ల నంబర్ల జాబితా ఒకటి పెట్టుకుని, అవి టవర్‌కు తగలగానే ఆపేయొచ్చు. దొంగలు ఊరుకుంటారా, నంబరే మార్చడం నేర్చారు. అందుకే బ్రిటన్ 2002లో ఐఎంఈఐ మార్చడం నేరమని చట్టం చేసింది. మన దేశంలో మాత్రం ఇది దొంగతనం గొడవగా మొదలవలేదు, భద్రత గొడవగా మొదలైంది. 2008 ముంబై దాడుల తర్వాత, సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు 2009 నవంబర్ 30 నుంచి కనెక్షన్ ఆపేయమని ప్రభుత్వం కంపెనీలకు చెప్పింది. అప్పట్లో ఊళ్లలో చవక చైనా సెట్లు ఎన్ని మూగబోయాయో మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నంబరు మార్చితే మూడేళ్ల దాకా జైలు అనే నిబంధనలు 2017లో వచ్చాయి.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. ఫోన్ మోగాలంటే అది ఏ టవర్ కింద ఉందో కంపెనీకి తెలియాలి. తెలియకపోతే కాల్ ఎక్కడికి పంపుతుంది? అంటే బటన్ ఫోన్ వాడినా సరే, మనం సుమారుగా ఏ పేటలో ఉన్నామో కంపెనీకి మొదటి రోజునుంచీ తెలుసు. సిమ్ మన పేరు మీద ఉంటే ఆ పేటలో ఉన్నది ఎవరో కూడా తెలుసు. సింగపూర్‌లో పాస్‌పోర్టో వర్క్ పర్మిటో చూపించకుండా ప్రీపెయిడ్ సిమ్ ఇవ్వరు, 2014 నుంచి మనిషికి మూడే. కాబట్టి "నన్ను ఎవరూ చూడట్లేదు" అనే రోజులు ఫోన్ పట్టుకున్న మనిషికి ఎప్పుడూ లేవు. మారిందల్లా ఎవరు చూస్తున్నారు, ఎంత దగ్గరగా చూస్తున్నారు అన్నదే.

ఇప్పుడు మన ఆంగ్ మో కియో దగ్గరికి వద్దాం. ఇక్కడి ఇండస్ట్రియల్ పార్క్ వైపు పనికి వెళ్లేవాళ్లు యాపిల్ కంపెనీ భవనాలు చూసే ఉంటారు. ఆ కంపెనీ 1981లో 72 మందితో సింగపూర్‌లో మొదలుపెట్టింది ఈ ఆంగ్ మో కియోలోనే. 2024 ఏప్రిల్‌లో వాళ్ల పెద్ద టిమ్ కుక్ వచ్చి, ఇదే క్యాంపస్‌ను పెంచడానికి 25 కోట్ల డాలర్లకు పైగా పెడతామని చెప్పి వెళ్లాడు. పోయిన ఫోన్‌ను సొంతదారు తనే వెతుక్కోవడం జనానికి అలవాటు చేసింది ముందుగా ఆ కంపెనీయే. 2009లో ఐఫోన్‌కు వెతికే సదుపాయం వచ్చింది, అప్పుడు చందా కట్టినవాళ్లకే. 2010 చివర్లో కొత్త ఫోన్లకు ఉచితం చేశారు. 2013లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే ఇచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుందో చాలామంది తప్పుగా అనుకుంటారు. పైన తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలకు మనం ఎక్కడున్నామో తెలీదు. అవి టైమ్ చెబుతూ పోతుంటాయి, మన ఫోన్ విని లెక్క కట్టుకుంటుంది. లెక్క మన చేతిలోనే ఉంది. అది బయటికి పోయేది ఖాతా ద్వారా. అంటే ఖాతా ఎవరి చేతిలో ఉంటే, మన చోటు వాళ్లకు తెలుస్తుంది. మా తమ్ముడి విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

వెతికితే దొరికేది కొన్నే. దొంగ వెంటనే ఫోన్ ఆపేస్తాడు, మొత్తం చెరిపి కొత్తదానిలా అమ్ముతాడు. అందుకని 2013 సెప్టెంబర్‌లో యాపిల్ తాళం పెట్టింది. చెరిపినా సరే, పాత సొంతదారు పాస్‌వర్డ్ లేకుండా ఫోన్ మళ్లీ తెరుచుకోదు. 2014లో అమెరికాలో మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఇలాంటి తాళం ఉండాల్సిందేనని చట్టాలు చేశాయి. 2015 నాటికి ఆండ్రాయిడ్‌లోనూ వచ్చేసింది. ఇది మనకు మంచే చేసింది. దొంగిలించిన ఫోన్ ఇటుకరాయితో సమానమైతే దొంగకేం లాభం?

కానీ ఆ ఇటుకరాళ్లు చివరికి ఎవరి నెత్తిన పడ్డాయి? లిటిల్ ఇండియా దగ్గర సుంగే రోడ్డు పాత సామాన్ల సంత మీలో పాతవాళ్లకు తెలుసు. దొంగల బజార్ అనేవాళ్లు. 2017 జూలై 10న మూసేశారు. వచ్చిన కొత్తలో అలాంటి చోట్ల చవగ్గా ఫోన్ కొని, ఇంటికి తెచ్చి చూస్తే పాస్‌వర్డ్ అడిగి మోసపోయినవాళ్లు మనలో ఉన్నారు. ఇప్పుడా సంత లేదు గానీ గ్రూపుల్లో అమ్మకాలు ఉన్నాయి. బిల్లు లేని ఫోన్, పాత ఖాతా తీయని ఫోన్ కొనకండి. దొంగ సొత్తని తెలిసో, అనుమానం ఉండో తీసుకోవడం ఇక్కడ నేరం. దొరికిన ఫోన్‌ను ఇవ్వకుండా ఉంచేసుకున్నా నేరమే. వర్క్ పర్మిట్ మీద బతికే మనకు కేసు అంటే జరిమానాతో పోయేది కాదు, విమానం ఎక్కించి పంపేస్తారు.

అదే 2017లో ఇంకొకటి జరిగింది. ఏప్రిల్ 1 నుంచి సింగపూర్‌లో 2జీ నెట్‌వర్క్ మూసేశారు. బటన్ నోకియాలు పట్టుకున్న మనోళ్లు చాలామంది అప్పుడే స్మార్ట్‌ఫోన్‌కు మారారు. వీడియో కాల్ కోసం మారినవాళ్లు ముందే మారిపోయారు, మిగిలినవాళ్లు తప్పక మారారు. అలా ఆ ఏడాదికి దాదాపు మన అందరి జేబులోకీ తన చోటు తాను లెక్క కట్టుకునే యంత్రం వచ్చేసింది. మూడేళ్లలో దాని అవసరం పడింది.

2020. ఈ భాగం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, మనం పడ్డదే. అయినా తేదీలు వేసి రాసుకోవాలి. రాసుకోకపోతే మన పిల్లలకు తెలీదు.

మార్చి 20న ట్రేస్‌టుగెదర్ యాప్ వచ్చింది. ఏప్రిల్ 5న రెండు డార్మిటరీలను, పొంగోల్ ఎస్11నీ టో గువాన్ వెస్ట్‌లైట్‌నీ, బయటికి రాకుండా మూసేశారు. ఆ రెండింట్లోనే దాదాపు 20,000 మంది. ఏప్రిల్ 7 నుంచి ఊరంతా సర్క్యూట్ బ్రేకర్. ఒక్కో గదిలో 12 నుంచి 16 మంది, ఒకే బాత్రూమ్ వరస. ఆ ఏడాది డిసెంబర్‌లో ప్రభుత్వమే లెక్క చెప్పింది: డార్మిటరీల్లో ఉన్న కార్మికుల్లో 47 శాతం మందికి వైరస్ తగిలింది.

యాప్ పనితీరు తెలివైనది, అది ఒప్పుకోవాలి. జీపీఎస్ వాడలేదు. బ్లూటూత్‌తో పక్కనున్న ఫోన్లు ఒకదానికొకటి మారుపేర్ల లాంటి కోడ్‌లు ఇచ్చుకుంటాయి. ఆ కోడ్‌లు 25 రోజులు ఫోన్‌లోనే ఉండి చెరిగిపోతాయి. ఎవరికైనా జబ్బు వస్తేనే ఆ జాబితాను ఆరోగ్యశాఖకు పంపుతారు. మనిషి ఎక్కడున్నాడో కాదు, ఎవరి పక్కన ఉన్నాడో చూసేది. అదే సమయంలో మన దేశంలో ఏప్రిల్ 2న వచ్చిన ఆరోగ్య సేతు బ్లూటూత్‌తో పాటు జీపీఎస్ కూడా తీసుకునేది. ఆ లెక్కన ఇక్కడిదే నయం. అయితే దుకాణాల దగ్గర, సైట్ గేటు దగ్గర సేఫ్‌ఎంట్రీ స్కాన్ ఒకటి ఉండేది కదా. అది ఎక్కడికి వెళ్లామో రాసుకునేది. ఒకటి ఎవరితో, ఇంకొకటి ఎక్కడ. 2021 మేలో రెండూ కలిసిపోయాయి.

ఇక్కడి పౌరులకు మొదట ఆ యాప్ వాళ్ల ఇష్టం. ఇష్టమైతే పెట్టుకో, లేకపోతే లేదు. మనకు? డార్మిటరీల్లో ఉండేవాళ్లు, కన్‌స్ట్రక్షన్, షిప్‌యార్డ్, ప్రాసెస్ పనుల్లో ఉన్న వర్క్ పర్మిట్, ఎస్ పాస్ వాళ్లు 2020 జూన్ 19లోపు పెట్టుకోవాల్సిందేనని చెప్పారు. దానితో పాటు రోజుకు రెండుసార్లు టెంపరేచర్ పంపే యాప్. వర్క్ పాస్ యాప్‌లో ఆకుపచ్చ వస్తే పనికి పో, ఎరుపు వస్తే గదిలో ఉండు. పొద్దున లేచి దేవుడి ఫొటో కన్నా ముందు ఆ రంగు చూసుకున్న రోజులవి. తర్వాత మెడలో, చేతికి వేసుకునే బ్లూపాస్ టోకెన్లు కూడా మనవాళ్లకే వచ్చాయి.

ఆ టైంలో వద్దని మేము అనలేదు, ఇప్పుడూ అనం. పక్క మంచం మీది మనిషిని అంబులెన్స్‌లో తీసుకెళ్తుంటే, ఎవరు ఎవరితో కలిశారో తెలియడం ప్రాణానికి సంబంధించినది. బాధ ఎక్కడంటే, మమ్మల్ని అడగలేదు. ఇంకొకటి, అప్పుడు ఇచ్చిన మాట.

ఆ డేటాను వైరస్ జాడ తీయడానికి తప్ప దేనికీ వాడమని 2020లో చెప్పారు. 2021 జనవరి 4న పార్లమెంటులో ఒక ప్రశ్నకు జవాబుగా, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద పోలీసులు నేర విచారణకు ఆ డేటా కూడా అడగవచ్చని హోంశాఖ సహాయ మంత్రి డెస్మండ్ టాన్ చెప్పాడు. అప్పటికే జనాభాలో 78 శాతం, అంటే 42 లక్షల మంది ఆ యాప్‌నో టోకెన్‌నో వాడుతున్నారు. ఊరంతా గొడవైంది. మరునాడు ఆ పని చూసే మంత్రి వివియన్ బాలకృష్ణన్, ముందు మాట ఇచ్చినప్పుడు ఆ చట్టం తన ఆలోచనలో లేదని సభలో ఒప్పుకున్నాడు. ఒక హత్య కేసులో ఆ డేటా అప్పటికే అడిగారని కూడా బయటపడింది.

దీన్నుంచి మేము నేర్చుకున్నది ఇది. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకుని ఉండకపోవచ్చు. కానీ డేటా అంటూ ఒకచోట పోగుపడ్డాక, దాన్ని అడిగే హక్కు ఇంకో చట్టంలో ముందే ఉంటుంది. నోటి మాట దాన్ని ఆపలేదు. ఆపింది కాగితం మీద రాసిన గీతే. జనం అడిగారు కాబట్టి 2021 ఫిబ్రవరి 2న పార్లమెంటు చట్టం సవరించింది. ఉగ్రవాదం, హత్య, కిడ్నాప్, తుపాకులు, తీవ్రమైన లైంగిక నేరాలు, మరణశిక్ష పడే డ్రగ్ కేసులు, కస్టడీ నుంచి ప్రమాదకరంగా పారిపోవడం, ఈ ఏడు రకాల కేసులకే వాడాలి. దుర్వినియోగం చేసిన అధికారికి 20,000 డాలర్ల జరిమానా దాకా, లేదా రెండేళ్ల జైలు దాకా, లేదా రెండూ. అవసరం తీరాక డేటా తీసేయాలి.

తీసేశారు కూడా. 2023 ఫిబ్రవరి 13న ట్రేస్‌టుగెదర్, సేఫ్‌ఎంట్రీ రెండూ ఆగిపోయాయి. మనుషులను గుర్తుపట్టే డేటా చెరిపేశామని, 2020 మే నాటి ఒక హత్య కేసుకు సంబంధించినది మాత్రం కోర్టు అవసరాల కోసం ఉంచామని చెప్పారు. టోకెన్లు కమ్యూనిటీ క్లబ్బుల్లో తిరిగి తీసుకున్నారు. మన దగ్గర కొందరు ఇప్పటికీ సూట్‌కేసు అడుగున దాచుకున్నారు, గుర్తుగా. అయితే బయటికి వెళ్లే స్వేచ్ఛ అందరితో సమానంగా రాలేదు. 2022 జూన్ 24 దాకా డార్మిటరీ వాళ్లకు బయటికి పోవాలంటే ఎగ్జిట్ పాస్ ఉండాల్సిందే. ఆ తర్వాత కూడా ఆదివారాలు, సెలవు రోజుల్లో లిటిల్ ఇండియా, చైనాటౌన్, గేలాంగ్ సెరాయ్, జురాంగ్ ఈస్ట్‌లకు వేరే పాస్ తీసుకోవాల్సి వచ్చింది.

మన దేశంలోనూ కథ ఇదే దారిలో నడిచింది. ఈసారి వైరస్ లేదు, నేరుగా పోయిన ఫోన్లే. సీఈఐఆర్ అనే పద్ధతిని 2019లో ముంబైలో మొదలుపెట్టి, 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్‌తో దేశమంతా తెచ్చారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాగితం, ఐఎంఈఐ పెడితే ఆ ఫోన్‌ను దేశంలోని అన్ని నెట్‌వర్కుల్లో ఆపేస్తారు. దొంగ దాంట్లో సిమ్ వేయగానే ఆ నంబరు జాడ పోలీసులకు వెళ్తుంది. తెలంగాణలో, ఆంధ్రాలో పోలీసులు బల్లల మీద ఫోన్లు పరిచి సొంతదారులకు తిరిగి ఇస్తున్న ఫొటోలు పేపర్లలో మనమూ చూస్తున్నాం. కూలి చేసుకునేవాడికి ఆరు నెలల తర్వాత ఫోన్ తిరిగొస్తే అంతకన్నా ఏం కావాలి? మంచి పని. ఒకటి గుర్తుంచుకోండి, ఆ ఆపివేత ఇండియా నెట్‌వర్కులకే. ఇక్కడ పోయిన ఫోన్ ఇక్కడే తిరుగుతుంటే దానికి ఇండియా పోర్టల్ అడ్డం పడదు.

ఆ మంచి పని 2025 నవంబర్ చివర్లో ఇంకో మెట్టు ఎక్కబోయింది. నవంబర్ 28న టెలికాం శాఖ ఉత్తర్వు ఇచ్చింది: దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోన్‌లో 90 రోజుల్లోగా సంచార్ సాథీ యాప్ ముందే వేసి ఉండాలి, దాని పనులు ఆపేసేలా ఉండకూడదు. దొంగ ఫోన్లు, నకిలీ ఐఎంఈఐలు, మోసాలు అరికట్టడానికే అన్నారు. డిసెంబర్ 1న సంగతి బయటికి రాగానే గొడవ మొదలైంది. మా జేబులోకి మమ్మల్ని అడక్కుండా ఎలా వస్తారని జనం అడిగారు. వద్దనుకుంటే తీసేసుకోవచ్చని మంత్రి జ్యోతిరాదిత్య సింధియా చెప్పారు. డిసెంబర్ 3న ఆ తప్పనిసరి నిబంధనను వెనక్కి తీసుకున్నారు. యాప్ ఇప్పటికీ ఉంది, కావాలనుకున్నవాళ్లు పెట్టుకోవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో చెప్పి ఉంది. అలా అడగడానికి జనానికి ఆ తీర్పు ఒక ఆధారం.

రెండు దేశాల్లోనూ జరిగింది పక్కపక్కన పెట్టి చూడండి. మొదట ఒక మంచి అవసరం. తర్వాత తప్పనిసరి. ఆ తర్వాత ఇంకో వాడకం. అడిగినచోట గీత పడింది, అడగనిచోట పడలేదు.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన మాట. ఇది రాయడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ రాత్రి షాపు కుర్రాడి సంగతి మాట్లాడుకుంటూ, ఇంటికి మేము పంపిన ఫోన్ల దగ్గరికి వచ్చాం. మాలో ముగ్గురు భార్యలకు ఫోన్లు కొని పంపారు. మూడింట్లోనూ ఖాతా భర్తదే. గూగుల్ మ్యాప్స్‌లో చోటు పంచుకునే సదుపాయం 2017 నుంచి ఉంది, "నేను ఆపేదాకా" అని కూడా పెట్టుకోవచ్చు. అది ఇద్దరు పెట్టారు. భార్యకు చెప్పి పెట్టారా అంటే జవాబు లేదు. "పోతే వెతకడానికే పెట్టానన్నా" అన్నాడు ఒకడు. "మరి మొన్న మధ్యాహ్నం మార్కెట్‌కు ఎందుకు వెళ్లావని ఫోన్‌లో గొడవపడ్డావు కదా, అదెలా తెలిసింది?" అని పెద్దాయన అడిగాడు. వాడు తల దించుకున్నాడు.

2020లో మన మెడలో టోకెన్ వేసినవాళ్లు మనల్ని అడగలేదని ఇప్పటికీ చెప్పుకుంటాం. మనం ఇంట్లో వాళ్లను అడిగామా? ప్రభుత్వం కనీసం చట్టం రాసి, ఏడు కేసులని గీత గీసింది. మన దగ్గర ఏ గీతా లేదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ తెరిచి చూడటమే. ఈ జబ్బు మన ఒక్కళ్లదే కాదు. 2021లో యాపిల్ తాళాలకు తగిలించే చిన్న ట్యాగ్ తెస్తే, దాన్ని ఆడవాళ్ల సంచుల్లో వేసి వెంబడించిన మగవాళ్లు దేశదేశాల్లో బయటపడ్డారు. దాంతో 2024లో యాపిల్, గూగుల్ కలిసి, తెలియని ట్యాగ్ వెంట వస్తుంటే ఫోనే హెచ్చరించేలా చేశాయి. సామాను వెతికేది మనిషిని వెతకడానికి వాడతారని ఆ కంపెనీలకే తెలిసొచ్చింది.

ఆ రాత్రి, ఆ వారం మా గదిలో చేసినవి ఇవి. మీకు పనికొస్తే చేయండి.

తమ్ముడి ఫోన్‌లో షాపు ఖాతా తీసేసి, వాడి పేరుతో, వాడికి గుర్తుండే పాస్‌వర్డ్‌తో కొత్త ఖాతా పెట్టాం. తీసేముందు ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకున్నాం. అందరం ఐఎంఈఐ నంబరు నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాం, ఫోన్‌లో కాదు. ఫోన్ వెతికే సదుపాయం ఆన్‌లోనే ఉంచాం. దాన్ని ఆపేయమని మేము చెప్పం, అది లేకపోతే మొన్న ఫోన్ దొరికేది కాదు. తాళం చెవి మాత్రం మన చేతిలో ఉండాలి. ఖాతాలోకి ఇంకే ఫోన్ల నుంచి లాగిన్ అయి ఉందో సెట్టింగ్స్‌లో చూడొచ్చు, తెలియనివి ఉంటే తీసేయండి. మాలో ఒకడి ఖాతాలో పాత ఏజెంట్ ఆఫీసు కంప్యూటర్ ఇంకా కనిపించింది.

కొన్నిచోట్ల సూపర్‌వైజర్లు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమంటారు. అది 15 నిమిషాలు, ఒక గంట, ఎనిమిది గంటలు అని మూడు రకాలు. పని మీద డ్రైవర్‌గా తిరుగుతుంటే పెట్టండి, డ్యూటీ అయ్యాక ఆగిందో లేదో చూసుకోండి.

ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించండి, తర్వాత బ్యాంకుకు, డబ్బు పంపే యాప్‌కు చెప్పండి, సింగ్‌పాస్ జాగ్రత్త చేసుకోండి. ఆ తర్వాతే వెతకండి. మ్యాప్‌లో తెలియని ఇల్లు చూపిస్తే ఆ తలుపు మీరు కొట్టకండి. మ్యాప్ చూపించే చుక్క పక్క బ్లాకుది కూడా కావచ్చు, గొడవైతే మాట పడేది మనమే. పోలీసు రిపోర్టు ఇవ్వండి, ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు.

ఇంటి ఫోన్ల సంగతి. ముగ్గురూ ఆ ఆదివారమే భార్యలకు వీడియో కాల్ చేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఖాతాలు వాళ్ల పేరు మీదికి మార్పించారు. ఒకావిడ, "పోతే దొరకడానికి ఉండనీ, కానీ నువ్వు చూసినప్పుడు నాకు చెప్పు, నీది కూడా నాకు కనపడాలి" అందట. ఇప్పుడు ఇద్దరివీ ఇద్దరికీ కనపడతాయి. ఇంకొకావిడ వద్దని తీయించేసింది. మూడో ఆవిడ ఏమందో వాడు మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

మీ గదుల్లో కూడా ఇవాళ ఒకసారి చూసుకోండి. మీ ఫోన్ ఖాతా ఎవరి పేరు మీద ఉందో, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసో. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు కూర్చోబెట్టి చేసి పెట్టండి, వాళ్లు మొహమాటానికి అడగరు. మేము రాసినదాంట్లో తప్పుంటే కింద చెప్పండి, సరిచేస్తాం. ఉంటాం మరి, రేపు పొద్దున్నే లారీ వస్తుంది.